కంప్యూటరుకు ఊపిరి.. కరెంటు పెట్టె!

* పైన ముద్రించిన వాట్లను నమ్మితే నష్టమే
* లో ఓల్టేజీ, న్యూట్రల్ ముప్పును గమనించాలి
* ఎర్తింగ్ లేకుంటే ఎంత ఖరీదైనదైనా వృథా

కార్వేటినగరం: బిడ్డ చదువుకు అక్కరకు వస్తుందని ఏడాది పాటు కూడబెట్టిన సొమ్ముతో ఇంట్లో కంప్యూటరు బిగించుకుంటారు. ప్రాసెసరు ఏ తరానిదో నాలుగు దుకాణాల్లో విచారిస్తారు. ర్యామ్ ఎంత, డిస్కు ఎంత, తెర ఎన్ని అంగుళాలు అని ఆరా తీస్తారు. కంప్యూటరు మొత్తానికీ కరెంటు అందించే పెట్టె వద్దకు వచ్చేసరికి మాత్రం ‘ఏదో ఒకటి వేసేయండి’ అంటారు. దుకాణదారు క్యాబినెట్‌తో పాటు వచ్చే చౌక పెట్టెను బిగించి పంపుతాడు. నాలుగు నెలలు అంతా సజావుగా సాగుతుంది. వేసవిలో ఓ సాయంత్రం కరెంటు పోయి, వెంటనే తిరిగి వస్తుంది. ‘టప్’మన్న శబ్దం, వెనుకనే కాలిన వాసన. పెట్టెతో పాటు మదర్‌బోర్డు, ఒక్కోసారి హార్డ్‌డిస్కు కూడా పనికిరాకుండా పోతాయి. వెయ్యి రూపాయలు మిగిల్చుకున్నామన్న సంతోషం కాస్తా పది వేల నష్టంగా మారుతుంది. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో తరచూ కనిపించే దృశ్యమిది.

విరిగిన ఎముకకు పక్కనే పుత్తూరు కట్టు ఉంది గాని, కాలిన మదర్‌బోర్డుకు వేసే కట్టు ఎక్కడా లేదు. ఈ నేపథ్యంలో తక్కువ ఖర్చుతో కంప్యూటరు సమకూర్చుకునేవారు పవర్ సప్లైని ఎలా ఎంచుకోవాలి, మన ప్రాంతపు కరెంటు తీరుకు ఏది తగినదన్న అంశాలపై ప్రత్యేక కథనం.

ఇప్పుడే ఎందుకీ ప్రస్తావన?

పల్లెల్లో కంప్యూటరు ఒకప్పటి అపురూప వస్తువు కాదు. మీసేవ కేంద్రాలు 2011లో చిత్తూరు జిల్లాలోనే తొలిసారి ప్రారంభమయ్యాయి. ధ్రువపత్రాలు, భూముల నకళ్ల కోసం జనం కంప్యూటరు ముందు నిలబడటం నాటి నుంచే అలవాటైంది. కార్వేటినగరంలోని జిల్లా విద్యా శిక్షణ సంస్థలో ఉపాధ్యాయ శిక్షణ పొందే అభ్యర్థులు మొదలుకొని డీటీపీ, జిరాక్స్ దుకాణాలు నడుపుకొనే యువకుల వరకు అందరికీ అది నిత్యావసరమే.

దీనికి తోడు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతును నిలిపివేసింది. విండోస్ 11 పాత ప్రాసెసర్లలో చాలావాటిని అంగీకరించదు. దీంతో పాత కంప్యూటరు ఉన్నవారు మదర్‌బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ మాత్రం కొత్తవి కొని, పాత క్యాబినెట్, అందులోని పాత పవర్ సప్లైనే కొనసాగించాలని చూస్తున్నారు. ఖర్చు తగ్గించుకోవాలన్న ఆలోచన సరైనదే. అయితే పదేళ్లు ఎండకు, దుమ్ముకు నలిగిన పెట్టెపై కొత్త భాగాల భారం మోపడం అన్నివేళలా క్షేమకరం కాదు.

ఏమిటీ పెట్టె? ఏం చేస్తుంది?

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల ఏసీ కరెంటు. సెకనుకు 50 సార్లు ఆవృతమవుతుంది. కంప్యూటరు లోపలి భాగాలకు అది నేరుగా పనికిరాదు. వాటికి 12, 5, 3.3 వోల్టుల నికరమైన డీసీ కరెంటు కావాలి. ఈ మార్పిడి చేసేదే పవర్ సప్లై. దుకాణాల్లో దీనిని ‘ఎస్ఎంపీఎస్’ అని పిలుస్తారు. వచ్చిన ఏసీని ముందుగా అధిక ఓల్టేజీ డీసీగా మార్చి, దానిని సెకనుకు వేలాది సార్లు ఆపుతూ, వదులుతూ, చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండా పంపి అవసరమైన మేరకు తగ్గించడం దీని పని. ఈ విధానం వల్లనే పెట్టె చిన్నదిగా, తేలికగా ఉంటుంది.

1977లో వచ్చిన యాపిల్-2 కంప్యూటరులోనే ఈ తరహా సప్లైని వాడారు. 1981లో ఐబీఎం సంస్థ విడుదల చేసిన తొలి పర్సనల్ కంప్యూటరుకు 63.5 వాట్ల పెట్టె సరిపోయింది. 1995లో ఇంటెల్ సంస్థ ‘ఏటీఎక్స్’ అనే ప్రమాణాన్ని తీసుకువచ్చింది. పెట్టె కొలతలు, మరలు బిగించే చోట్లు, తీగల అమరిక ఒకే రీతిలో ఉండాలన్నది దాని సారాంశం. చెన్నైలో కొన్న పెట్టె తిరుపతిలో కొన్న క్యాబినెట్‌లో సరిగ్గా కూర్చోవడానికి ఆ ప్రమాణమే కారణం.

తీగల రంగులకూ అర్థం ఉంది. పసుపు తీగలో 12 వోల్టులు, ఎరుపులో 5, నారింజలో 3.3 వోల్టులు ఉంటాయి. నలుపు తీగ గ్రౌండ్. ఊదా తీగలో కంప్యూటరు ఆపి ఉన్నప్పుడూ 5 వోల్టులు ఉంటాయి. ప్రమాణం ప్రకారం ఈ ప్రధాన ఓల్టేజీలు 5 శాతానికి మించి అటూ ఇటూ కాకూడదు. అంటే 12 వోల్టుల తీగలో 11.4కు తగ్గరాదు, 12.6కు మించరాదు. అన్ని ఖరీదైన తీగలు, అన్ని రంగులూ చౌక పెట్టెలోనూ కనిపిస్తాయి. భారం పడినప్పుడు ఈ హద్దులో నిలబడటమే అసలు పరీక్ష.

ఎన్ని వాట్లు కావాలి?

ఎక్కువ వాట్లుంటే కరెంటు ఎక్కువ కాలుతుందన్న అపోహ చాలామందిలో ఉంది. అది నిజం కాదు. 450 వాట్ల పెట్టె ఎప్పుడూ 450 వాట్లు తాగదు. లోపలి భాగాలు ఎంత అడిగితే అంతే ఇస్తుంది. అందులో కొంత వేడి రూపంలో పోతుంది. కాబట్టి ముందుగా కంప్యూటరు అవసరమెంతో లెక్క వేసుకోవాలి.

ఉదాహరణకు చదువుకు, డీటీపీకి, దరఖాస్తులు నింపడానికి సరిపోయే కంప్యూటరును తీసుకుందాం. ఇంటెల్ ఐ3-12100 ప్రాసెసరు మూల వినియోగం 60 వాట్లు, గరిష్ఠంగా 89 వాట్లు. దీనిని 90గా లెక్కించాలి. మదర్‌బోర్డుకు 30, రెండు ర్యామ్ బిళ్లలకు 8, ఎస్ఎస్‌డీకి 5, పాత హార్డ్‌డిస్కు ఉంటే 10, రెండు ఫ్యాన్లకు 6, కీబోర్డు, మౌసు, పెన్‌డ్రైవ్‌లకు 10 వాట్లు వేసుకున్నా మొత్తం 159 వాట్లు. అన్ని భాగాలూ ఒకేసారి పూర్తిగా శ్రమించినప్పటి లెక్క ఇది. సాధారణంగా టైపు చేసుకునేటప్పుడు, వీడియో పాఠం చూసేటప్పుడు ఇందులో సగం కూడా ఖర్చు కాదు.

ఈ మొత్తానికి సగం అదనంగా కలుపుకొంటే 240 వాట్లు. అంటే నిజాయితీగా 350 నుంచి 450 వాట్లు ఇవ్వగల పెట్టె ఈ అవసరానికి ధారాళంగా సరిపోతుంది. 650, 750 వాట్లు కొనడం డబ్బు దండగ.

గ్రాఫిక్స్ కార్డు జోడిస్తే లెక్క మారుతుంది. జీటీఎక్స్ 1650 వంటి చిన్న కార్డు 75 వాట్లు తీసుకుంటుంది. మదర్‌బోర్డు గాడి నుంచే అంత మేర అందుతుంది గనుక కొన్ని నమూనాలకు వేరే తీగ అక్కర్లేదు. ఆర్‌టీఎక్స్ 3060 అయితే 170 వాట్లు. అప్పుడు మొత్తం 330కి చేరుతుంది. అయినా తయారీదారైన ఎన్‌విడియా సంస్థ దానికి 550 వాట్ల పెట్టెను సూచిస్తోంది. గ్రాఫిక్స్ కార్డులు క్షణంలో వెయ్యోవంతు సమయం పాటు తమ సగటు కంటే చాలా ఎక్కువ లాగుతాయి. ఆ కుదుపును తట్టుకోవడానికే ఈ వెసులుబాటు. రెండు మూడేళ్లలో గ్రాఫిక్స్ కార్డు వేసుకోవాలన్న ఉద్దేశం ఉంటే మొదటే 550 వాట్లు తీసుకోవడం లాభం. ఆ ఉద్దేశమే లేనప్పుడు 450 చాలు.

అంకె ఒకటి.. సత్తా మరొకటి

చౌక పెట్టెలపై 450, 500 వాట్లని పెద్ద అక్షరాలతో ముద్రిస్తారు. కొనుగోలుదారులు చూడాల్సింది ఆ అంకెను కాదు. పెట్టె పక్కన అతికించిన పట్టికలో 12 వోల్టుల గడి కింద ఎన్ని యాంపియర్లు ఉన్నాయో చూడాలి. ఆ రెంటినీ గుణిస్తే వచ్చేదే అసలు సత్తా.

ఒక పెట్టెపై 450 వాట్లని రాసి ఉందనుకుందాం. పట్టికలో 5 వోల్టుల వద్ద 30 యాంపియర్లు, 3.3 వద్ద 28, 12 వద్ద 18 యాంపియర్లని ఉంది. విడివిడిగా గుణిస్తే 150, 92, 216 వాట్లు వస్తాయి. మూడూ కలిపితే 458. కాగితంపై లెక్క సరిపోయింది. అయితే నేటి కంప్యూటరులో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు రెండూ 12 వోల్టుల మీదే ఆధారపడతాయి. 5, 3.3 వోల్టుల వాడకం స్వల్పం. ఇరవై అయిదేళ్ల కిందటి కంప్యూటర్లకు 5 వోల్టులు ఎక్కువ కావాల్సి వచ్చేది. ఆనాటి నమూనాతోనే నేటికీ కొన్ని చౌక పెట్టెలు తయారవుతున్నాయి. కాబట్టి ఈ 450 వాట్ల పెట్టె వాస్తవానికి 216 వాట్లదే.

అదే మంచి 450 వాట్ల పెట్టెలో 12 వోల్టుల వద్ద 36 యాంపియర్ల వరకు ఉంటుంది. అంటే 432 వాట్లు. రెండింటిపైనా ఒకే అంకె, సత్తాలో మాత్రం రెట్టింపు తేడా. పైన చెప్పిన 330 వాట్ల కంప్యూటరును 216 వాట్ల పెట్టెకు తగిలిస్తే ఆట మధ్యలోనో, పని మధ్యలోనో ఆగిపోతుంది. లేదా పెట్టే కాలిపోతుంది. పట్టికే లేని పెట్టెను, యాంపియర్లు రాయని పెట్టెను తీసుకోకపోవడమే మేలు.

‘80 ప్లస్’ ముద్ర.. బిల్లు లెక్క

గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత భాగాన్ని కంప్యూటరుకు అందిస్తుందన్నదే పెట్టె సామర్థ్యం. మిగిలినది వేడిగా మారి గదిలోకి పోతుంది. 2004లో అమెరికాలో మొదలైన ‘80 ప్లస్’ ధ్రువీకరణ దీనికి కొలమానం. 20, 50, 100 శాతం భారాల వద్ద కనీసం 80 శాతం సామర్థ్యం చూపినవాటికి ఈ ముద్ర లభిస్తుంది. తర్వాతి కాలంలో బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ వంటి మెట్లు వచ్చాయి. సగం భారం వద్ద బ్రాంజ్‌కు 85 శాతం, గోల్డ్‌కు 90 శాతం సామర్థ్యం ఉండాలన్నది మొదటి నుంచి వాడుకలో ఉన్న లెక్క.

దీనివల్ల ఇంటి బిల్లుపై ఎంత ప్రభావం ఉంటుంది? కంప్యూటరు సగటున 80 వాట్లు వాడుతోందనుకుందాం. 70 శాతం సామర్థ్యం గల చౌక పెట్టె గోడ నుంచి 114 వాట్లు లాగుతుంది. 85 శాతం గలది 94 వాట్లతో సరిపెడుతుంది. తేడా 20 వాట్లు. రోజుకు 10 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు నడిచే దుకాణంలో ఇది 60 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు అనుకుంటే ఏడాదికి రూ.360, అయిదేళ్లకు రూ.1,800. మంచి పెట్టెకు, చౌక పెట్టెకు మధ్య ఉండే ధరల వ్యత్యాసం దాదాపు ఇంతే.

ఇంట్లో రోజుకు 4 గంటలు వాడే విద్యార్థికి మాత్రం ఏడాదికి మిగిలేది రూ.150 లోపే. కాబట్టి ఇంటి వాడకానికి బ్రాంజ్ చాలు. గోల్డ్ ముద్రకు అదనంగా వెచ్చించే సొమ్ము బిల్లులో తిరిగి రాదు. అయితే ఈ ముద్ర సామర్థ్యానికి కొలమానమే గాని మన్నికకు హామీ కాదని గుర్తించాలి. ముద్ర పొందాలంటే నాణ్యమైన భాగాలు వాడక తప్పదు గనుక పరోక్షంగా నాణ్యతకు సూచన మాత్రమే.

మన కరెంటు తీరు వేరు

పుస్తకాల్లోని లెక్కలు నగరాలకు సరిపోవచ్చు. పల్లె కరెంటుకు తనదైన తీరు ఉంది. నగరి, పుత్తూరు ప్రాంతాల్లో మరమగ్గాలు, పొలాల్లో మోటార్లు, వేసవిలో ఇంటింటా కూలర్లు, ఏసీలు. పెద్ద మోటారు మొదలైనప్పుడల్లా ఓల్టేజీ ఒక్క క్షణం కుంగుతుంది. లైను చివర ఉన్న ఇళ్లలో సాయంత్రం వేళ బల్బు వెలుగు తగ్గడం అందరికీ అనుభవమే.

ఇక్కడే పెట్టెలోని ‘యాక్టివ్ పీఎఫ్‌సీ’ అనే ఏర్పాటు అక్కరకు వస్తుంది. ఇది ఉన్న పెట్టెలపై సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల వరకు పని చేస్తుందని రాసి ఉంటుంది. లో ఓల్టేజీలోనూ ఆగకుండా నడుస్తుంది. ఇది లేని చౌక పెట్టెలపై 200-240 అని ఉంటుంది. ఓల్టేజీ 180కి పడితే అవి తడబడతాయి. కంప్యూటరు దానంతట అదే ఆగి మొదలవుతుంటే వైరస్ అని భ్రమపడేవారు ముందుగా ఈ విషయాన్ని గమనించాలి.

కొన్ని పాత పెట్టెల వెనుక 115, 230 అని రాసిన చిన్న ఎర్ర మీట ఉంటుంది. ఇది ఎప్పుడూ 230 వైపే ఉండాలి. శుభ్రం చేసేటప్పుడు పొరపాటున 115 వైపు జరిగితే, ప్లగ్గు పెట్టిన మరుక్షణం పెట్టె పేలుతుంది.

అన్నిటికంటే పెద్ద ముప్పు న్యూట్రల్ తెగడం. ట్రాన్స్‌ఫార్మరు వద్దగాని, స్తంభం వద్దగాని న్యూట్రల్ తీగ తెగితే కొన్ని ఇళ్లలో ఓల్టేజీ బాగా పడిపోతుంది, మరికొన్ని ఇళ్లలో 400 వోల్టుల దాకా ఎగబాకుతుంది. టీవీలు, ఫ్రిజ్‌లు, కంప్యూటర్లు వరుసగా కాలిపోవడానికి కారణమిదే. ఎంత ఖరీదైన పెట్టె అయినా దీనికి తట్టుకుంటుందన్న భరోసా లేదు. మంచి పెట్టె తాను కాలిపోయినా మదర్‌బోర్డును కాపాడే అవకాశం ఎక్కువ. చౌక పెట్టె వెంట తీసుకుపోతుంది. మెయిన్ బోర్డులో హై, లో ఓల్టేజీ వద్ద కరెంటును నిలిపివేసే పరికరాన్ని అమర్చుకుంటే ఇంటిల్లిపాది వస్తువులకూ రక్షణ. బల్బులు ఒక్కసారిగా తీవ్రంగా వెలిగితే వెంటనే మెయిన్ ఆపి, విద్యుత్ సంస్థ ఫిర్యాదుల నంబరు 1912కు తెలియజేయాలి.

ఎర్తింగ్ లేని ఇంట్లో..

క్యాబినెట్‌ను చేత్తో తాకితే జివ్వుమంటుందని చాలామంది చెబుతుంటారు. పెట్టె పాడైందని మారుస్తారు. కొత్తదీ జివ్వుమంటుంది. లోపం పెట్టెలో లేదు, ఇంటి ఎర్తింగ్‌లో ఉంది. పెట్టెలోకి వచ్చే కరెంటులోని అలజడిని భూమిలోకి పంపడానికి లోపల చిన్న కెపాసిటర్లు ఉంటాయి. మూడో పిన్నుకు భూమితో సంబంధం లేనప్పుడు ఆ కొద్దిపాటి కరెంటు క్యాబినెట్ రేకులోనే నిలిచి ఉంటుంది. తాకినవారి గుండా నేలకు దిగుతుంది.

మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల మార్పిడి తగిలించి వాడటం, మూడో రంధ్రంలో తీగే లేని ఎక్స్‌టెన్షన్ బోర్డులు కొనడం ప్రమాదకరం. పెట్టె లోపల తీగ ఊడి రేకుకు తగిలితే ఎర్తింగ్ ఉన్న ఇంట్లో ఫ్యూజు పోతుంది. లేని ఇంట్లో ప్రాణం పోతుంది. బొగ్గు, ఉప్పు వేసి ఎర్తింగ్ గొయ్యి తవ్వించుకున్నవారు వేసవిలో నీరు పోయడం మరువరాదు. ఎండిన నేలలో ఎర్తింగ్ ఉన్నా లేనట్లే. ఉరుములు, మెరుపుల వేళ ప్లగ్గు తీసేయడమే ఏకైక రక్షణ. ఇంటర్నెట్ రాగి తీగ ఉంటే దాన్నీ తీసేయాలి. పిడుగు ఆ దారిన కూడా వస్తుంది.

యూపీఎస్‌తో పొత్తు కుదరాలి

మార్కెట్లో సాధారణంగా దొరికే 600 వీఏ యూపీఎస్ అసలు సత్తా 360 వాట్ల వరకే ఉంటుంది. వీఏ వేరు, వాట్లు వేరు. పీఎఫ్‌సీ లేని పెట్టె వాట్ల కంటే వీఏ చాలా ఎక్కువ లాగుతుంది. కాబట్టి అదే యూపీఎస్‌పై మంచి పెట్టెకు భారం తగ్గుతుంది.

మరో చిక్కు కూడా ఉంది. తక్కువ ధర యూపీఎస్‌లు బ్యాటరీపై నడిచేటప్పుడు నునుపైన అల వంటి కరెంటు కాకుండా మెట్లుమెట్లుగా ఉండే కరెంటును ఇస్తాయి. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న కొన్ని పెట్టెలు దానిని అంగీకరించక కరెంటు పోయిన క్షణంలోనే ఆగిపోతాయి. అందువల్ల వీలైతే రెండింటినీ కలిపి, దుకాణంలోనే ప్లగ్గు తీసి పరీక్షించి తెచ్చుకోవాలి.

ఇంటి ఇన్వర్టరుపై కంప్యూటరు నడిపేవారు దాని వెనుక ఉన్న మీటను ‘యూపీఎస్’ వైపు ఉంచాలి. కరెంటు పోయాక ఇన్వర్టరు అందుకునే లోపు క్షణంలో చిన్న భాగం ఖాళీ ఏర్పడుతుంది. మంచి పెట్టె తనలో నిలవ ఉన్న విద్యుత్తుతో పూర్తి భారంపైనా దాదాపు 16 మిల్లీసెకన్లు నెట్టుకురావాలన్నది ప్రమాణం. చిన్న కెపాసిటర్లు వేసిన చౌక పెట్టె అంతసేపు ఆగదు. దరఖాస్తు చివరి రోజున, రుసుం చెల్లించే క్షణాన కంప్యూటరు ఆగిపోతే కలిగే నష్టాన్ని ఏ లెక్కలోనూ వేయలేం.

పాత పెట్టెను కొనసాగించవచ్చా?

మంచి సంస్థ పెట్టె అయి, అయిదేళ్ల లోపుదై, 12 వోల్టుల యాంపియర్లు తగినన్ని ఉంటే నిస్సందేహంగా వాడుకోవచ్చు. ముందుగా తీగలను సరిచూడాలి. మదర్‌బోర్డుకు 24 పిన్నుల తీగ, ప్రాసెసరుకు 4 లేదా 8 పిన్నుల తీగ కావాలి. గ్రాఫిక్స్ కార్డుకు 6 పిన్నుల తీగ 75 వాట్లు, 8 పిన్నులది 150 వాట్లు అందిస్తుంది. పెట్టెలో ఈ తీగ లేనప్పుడు హార్డ్‌డిస్కు తీగకు మార్పిడి ముక్క తగిలించి కార్డుకు ఇవ్వడం సరికాదు. ఆ సన్నని తీగలు అంత భారానికి వేడెక్కి కరుగుతాయి. సదరు పెట్టె ఆ కార్డుకు ఉద్దేశించింది కాదనడానికి తీగ లేకపోవడమే తొలి హెచ్చరిక.

ఫ్యాన్ గరగరలాడటం, కాలిన వాసన, కంప్యూటరు రెండు మూడు సార్లు నొక్కితే గాని మొదలుకాకపోవడం, భారం పడగానే ఆగిపోవడం పెట్టె ముసలిదైందనడానికి గుర్తులు. ఫ్యాన్ జాలీలో దుమ్ము పేరుకుంటే వేడి పెరిగి ఆయుష్షు తగ్గుతుంది. ఆరు నెలలకోసారి ప్లగ్గు తీసి, బయటి నుంచే గాలి ఊది శుభ్రపరచాలి. చీమలు, బల్లులు దూరకుండా క్యాబినెట్‌ను నేలపై కాక బల్లపై ఉంచడం మంచిది.

ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టె మూత విప్పరాదు. లోపలి పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకు పైగా విద్యుత్తు నిలవ ఉంటుంది. ప్లగ్గు తీసిన తర్వాత కూడా కొంతసేపు అది ప్రాణాంతకమే. ఇంటి వద్ద బాగు చేసుకునే వస్తువు కాదిది.

ఎక్కడ కొనాలి? ఏం అడగాలి?

ఈ ప్రాంతవాసులు కంప్యూటరు భాగాల కోసం పుత్తూరు, తిరుపతి, చిత్తూరు వెళ్తుంటారు. కాస్త ఓపిక ఉన్నవారు పుత్తూరులో రైలెక్కి చెన్నైలోని రిచీ స్ట్రీట్‌కు చేరుకుంటారు. ఆన్‌లైన్లో తెప్పించుకునేవారూ పెరిగారు. ఎక్కడ కొన్నా కొన్ని విషయాలు ఒక్కటే. పేరున్న సంస్థల 450 వాట్ల బ్రాంజ్ పెట్టెలు సుమారు రూ.2,500 నుంచి రూ.3,500 మధ్య లభిస్తుంటాయి. క్యాబినెట్‌తో పాటు ఇచ్చే ఊరూ పేరూ లేని పెట్టెలు వెయ్యి లోపే. ధరలు తరచూ మారుతుంటాయి గనుక రెండు చోట్ల విచారించుకోవాలి.

దూరం వెళ్లి కొంటే వంద, రెండు వందలు తగ్గవచ్చు. పాడైనప్పుడు మళ్లీ అంత దూరం మోసుకుపోవాలన్నదీ లెక్కలోకి తీసుకోవాలి. సంస్థ సేవా కేంద్రం తిరుపతిలో ఉందా, చెన్నైకి పంపాలా అన్నది కొనే ముందే అడగాలి. వారంటీ మంచి పెట్టెలకు మూడు నుంచి అయిదేళ్ల వరకు ఉంటుంది. ఏడాది మాత్రమే ఇస్తున్నారంటే తయారీదారుకే దానిపై నమ్మకం లేదని అర్థం.

జీఎస్టీతో కూడిన బిల్లు తప్పనిసరిగా తీసుకోవాలి. 18 శాతం మిగులుతుందని తెల్లకాగితంపై రాయించుకుంటే వారంటీ హక్కు చేజారుతుంది. బిల్లుపై పెట్టె క్రమసంఖ్యను రాయించుకోవడం మరింత క్షేమం. భారత ప్రమాణాల సంస్థ గుర్తు, దాని కింద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూడాలి. ఎలక్ట్రానిక్ వస్తువుల నిర్బంధ నమోదు ఉత్తర్వు 2012లో వచ్చింది. ఆ సంఖ్యను ప్రమాణాల సంస్థ యాప్‌లో సరిచూసుకునే వీలుంది. వారంటీ ఉండీ మార్చడానికి నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం జిల్లా కమిషన్‌నూ ఆశ్రయించవచ్చు.

ఖర్చు ఎక్కడ తగ్గించాలి?

పాతిక, ముప్పై వేలలో కంప్యూటరు పూర్తి కావాలనుకునేవారికి పెట్టెకు మూడు వేలు కేటాయించడం భారంగానే తోస్తుంది. అలాంటప్పుడు రంగుల దీపాల క్యాబినెట్‌ను వదులుకుని సాదా క్యాబినెట్ తీసుకుంటే వెయ్యి మిగులుతుంది. పాత కీబోర్డు, మౌసు, తెర కొనసాగిస్తే మరికొంత. ఇవన్నీ తర్వాత నెమ్మదిగా మార్చుకోగలిగినవి, పాడైనా పక్కదాన్ని పాడు చేయనివి. పవర్ సప్లై ఒక్కటే తాను పోతూ మిగతావాటినీ తీసుకుపోగలదు. పైగా మంచి పెట్టెను ఈ కంప్యూటరు కాలం తీరాక తర్వాతి దానిలోనూ బిగించుకోవచ్చు.

కొనే ముందు.. ఒక్కసారి

* కంప్యూటరు అవసరాన్ని వాట్లలో లెక్కించి, సగం అదనంగా కలపాలి.
* 12 వోల్టుల గడిలోని యాంపియర్లను 12తో గుణించి అసలు సత్తా తెలుసుకోవాలి.
* యాక్టివ్ పీఎఫ్‌సీ, 100-240 వోల్టులు అని ఉన్నదానికే మొగ్గు చూపాలి.
* ఓల్టేజీ పెరిగినా, భారం ఎక్కువైనా, తీగలు కలిసినా దానంతటదే ఆగిపోయే రక్షణలు పెట్టెపై రాసి ఉన్నాయో లేదో గమనించాలి.
* యూపీఎస్‌పై పరీక్షించి తీసుకోవాలి.
* బిల్లు, క్రమసంఖ్య, వారంటీ కార్డు భద్రపరచాలి.
* ఇంటికి తెచ్చాక ముందుగా ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ సరిచూయించి, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టాలి.